అట్టపెట్టె మీద గీతలు

"మాస్టారూ, ఇందులో చిప్పు ఎక్కడుందండీ?"

తెనాలిలో మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో రెండో సంవత్సరం కుర్రాడొకడు నా బల్ల మీద పార్సిల్ లేబులు పరిచి అడిగాడు. ముందురోజు ఇంటికొచ్చిన అట్టపెట్టె మీంచి దాన్ని గోటితో ఒలిచి, నీళ్లలో నానబెట్టి, పొరలు విడదీసి మరీ వెతికాడట. కాగితం, జిగురు తప్ప ఏమీ దొరకలేదు. "హైదరాబాదులో బయల్దేరింది, విజయవాడ చేరింది అని ఫోన్లో వస్తూనే ఉంది కదండీ. లోపల ఏదో ఒకటి ఉండాలి కదా" అన్నాడు.

ఏమీ ఉండదు. పార్సిల్ నోరు విప్పదు, దారిలో దాన్ని చూసినవాళ్లు చెబుతారు. మన ఊళ్లలో ఫోన్లు లేని రోజుల్లో మనిషి ఆచూకీ ఎలా తెలిసేది? "మీ పెద్దబ్బాయి ఇందాక బస్టాండులో కనబడ్డాడండీ" అని ఎవరో ఒకరు చెప్పేవారు. ఆ మాటతో వాడు బస్టాండులో కనబడ్డాడని తెలుస్తుంది, ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. ఫోన్ తెర మీద "విజయవాడ చేరింది" అన్న ముక్కకూ అంతే అర్థం. చూసినవాడు ఇక్కడ మనిషి కాదు, ఎర్రటి వెలుగు చుక్క. అది కాగితం మీది నల్లగీతల్ని ఎలా చదువుతుందో కుర్రాడికి అయిదు నిమిషాల్లో చెప్పేద్దామని మొదలుపెట్టాను. నాలుగు వారాలు పట్టింది.

ఆ గీతలు పుట్టింది ఇసుకలో. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విద్యాసంస్థకు కిరాణా గొలుసు దుకాణాల యజమాని ఒకాయన వచ్చి, కౌంటరు దగ్గర సరుకు వివరం దానంతటదే నమోదయ్యే ఉపాయం కనిపెట్టమని డీన్‌ను అడిగాడు. డీన్ ఒప్పుకోలేదు. ఆ సంభాషణ బెర్నార్డ్ సిల్వర్ అనే యువకుడి చెవిన పడింది, ఆయన తన స్నేహితుడు నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్‌కు చెప్పాడు. వుడ్‌లాండ్‌ను ఆ ఆలోచన పట్టుకుంది. మయామీ బీచిలో తాతగారింటికి చేరి, సముద్రం ఒడ్డున కుర్చీ వేసుకుని ఆలోచిస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడు స్కౌట్స్‌లో నేర్చుకున్న మోర్స్ కోడు గుర్తొచ్చింది. నాలుగు వేళ్లు ఇసుకలో గుచ్చి, ఎందుకో తెలియకుండానే తనవైపు లాక్కున్నాడు. నాలుగు గీతలు పడ్డాయి. చుక్కలూ గీతలూ కిందికి సాగితే సన్నగీతలు, లావుగీతలు అవుతాయి కదా అని తట్టింది.

కథ అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ క్షణం తరవాత, వేళ్లు ఇంకా ఇసుకలో ఉండగానే, ఆయన చేతిని గుండ్రంగా తిప్పాడు. నిలువుగీతలు వలయాలయ్యాయి. ఎందుకంటే గీతల్ని అడ్డంగా కోస్తూ పోతేనే చదవగలం, వలయాల్ని ఏ దిక్కు నుంచైనా మధ్యలోంచి కోస్తే చాలు. సరుకును ఇటు తిప్పి పెట్టారా అటు తిప్పి పెట్టారా అన్న గొడవే ఉండదు. 1952లో వచ్చిన పేటెంటులో గీతలూ ఉన్నాయి, వలయాలూ ఉన్నాయి. నాకు ఈ కథలో ప్రాణం ఆ రెండింటి పోటీయే.

అయితే చదివే కన్ను అప్పటికి లేదు. వాళ్లు కట్టిన తొలి యంత్రంలో 500 వాట్ల బల్బు, సినిమా శబ్దానికి వాడే ఫొటోమల్టిప్లయర్ గొట్టం ఉండేవి. పాత టూరింగ్ టాకీసుల్లో ప్రొజెక్టరు గది చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రీలు మీద బొమ్మల పక్కన సన్నటి సౌండ్ ట్రాకు ఉండేది. దాని గుండా వెలుగు పోతూ ఎక్కువ తక్కువలయితే, ఆ హెచ్చుతగ్గులే మాటలూ పాటలూ అయ్యేవి. వుడ్‌లాండ్ ఆ కిటుకునే కాగితం మీదికి తెచ్చాడు. బల్బు వేడికి కాగితం పొగలు కక్కింది గానీ సంకేతం మాత్రం అందింది.

మాకు అన్ని తిప్పలు లేవు. కీచెయిన్ లేజరు, ఒక ఫొటో ట్రాన్సిస్టరు, పిల్లల దగ్గర ఉన్న ఆర్డుయినో బోర్డు సరిపోయాయి. చార్టు కాగితం మీద 11 సెంటీమీటర్ల వెడల్పున ఒకే ఒక్క గుర్తు గీయమన్నాను. గీసిన చార్టును లేజరు ముందు చేత్తో లాగితే లాప్‌టాప్ తెర మీద గ్రాఫు లేవాలి. లేవలేదు. అడుగునే పాకుతున్న గీత తప్ప ఇంకేమీ లేదు. తీగలు మార్చాం, ట్రాన్సిస్టరు మార్చాం. అరగంట తరవాత ఒకమ్మాయి నవ్వు ఆపుకుంటూ చార్టు వైపు చూపించింది. అందంగా ఉంటుందని గీతలు ఎర్ర స్కెచ్‌పెన్నుతో గీశారు! ఎర్ర లేజరు వెలుగు తెల్లకాగితం మీద ఎంత వెనక్కి వస్తుందో ఎర్ర సిరా మీదా దాదాపు అంతే వస్తుంది. మన కంటికి కొట్టొచ్చినట్టు కనబడే గీతలు ఆ కంటికి లేనే లేవు. నల్ల సిరాతో దిద్దగానే గ్రాఫు గోపురంలా లేచింది. దుకాణాల్లో తెల్లటి కాగితం మీద ఎర్ర బార్‌కోడు ఎందుకు కనబడదో ఆ రోజు ఎవరూ చెప్పకుండానే వాళ్లకు తెలిసిపోయింది.

మేం గీసిన గుర్తు కోడ్ 128 అనే పద్ధతిలోది. పార్సిల్ లేబుళ్ల మీద ఎక్కువగా కనిపించే గీతలు ఇవే. అందులో ముగింపు గుర్తు తప్ప ప్రతి గుర్తుకూ మూడు నల్లగీతలు, మూడు తెల్లఖాళీలు. ఆరింటి వెడల్పూ కలిపితే ఎప్పుడూ 11 పాళ్లు. మా గుర్తు వెడల్పులు వరసగా 2, 1, 1, 2, 3, 2. "ఇక నుంచి వచ్చేవన్నీ అంకెలే, జంటలు జంటలుగా చదువుకో" అని యంత్రానికి చెప్పే ఆరంభపు గుర్తు అది.

చార్టును మెల్లగా లాగితే నల్ల, తెల్ల, నల్ల, తెల్ల, నల్ల, తెల్ల వరసలో 40, 20, 20, 40, 60, 40 అని వచ్చింది అనుకోండి, మిల్లీసెకన్లలో. మొత్తం 220. 11తో భాగిస్తే ఒక పాలు 20. ఆరింటినీ 20తో భాగిస్తే 2, 1, 1, 2, 3, 2. రెట్టింపు వేగంతో లాగితే అన్నీ సగమవుతాయి, మొత్తం 110, ఒక పాలు 10, మళ్లీ అవే అంకెలు. లేబులు పెద్దదైనా చిన్నదైనా, దగ్గరున్నా దూరమున్నా, చేయి కాస్త వణికినా లెక్క చెడదు. ప్రతి గుర్తూ తన కొలబద్దను తనతోనే తెచ్చుకుంటుంది. దీనికి వాచీ చాలు, స్కేలు అక్కర్లేదు. నేను ముప్పై ఏళ్లుగా వెర్నియరు కాలిపరు చెబుతున్నాను, ఇంత చక్కటి కొలత పాఠం నా చేతికి దొరకలేదు.

ఇక పోటీ సంగతి. సిల్వర్, వుడ్‌లాండ్‌ల పేటెంటు ఫిల్కో కంపెనీకి, అక్కడి నుంచి ఆర్‌సీఏ చేతికి పోయింది. ఆర్‌సీఏ వలయాల పక్షం. 1972లో సిన్సినాటిలో ఒక క్రోగర్ దుకాణంలో వలయాల లేబుళ్లతో బిల్లింగు నడిపి చూపించింది కూడా. ఎదుటి పక్షం కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం. అక్కడ పనిచేస్తున్నది ఎవరనుకున్నారు? వుడ్‌లాండే! ఇసుకలో గీతను వలయంగా తిప్పిన మనిషి, వలయాన్ని ఓడించబోయే జట్టులో ఉన్నాడు. ఐబీఎంలో ఆ పని మీద పడ్డ జార్జ్ లారర్ అనే ఇంజనీరు వలయాల్ని చూసి ఇది అచ్చుకు నిలవదు అని తేల్చేశాడు.

ప్రెస్సు చూసినవాళ్లకు ఆయన బాధ తెలుస్తుంది. కాగితం ఏ దిక్కున పరిగెడుతుందో ఆ దిక్కున సిరా వెంట్రుకవాసి సాగుతుంది. వలయం మీద సాగితే ఆ దిక్కున నల్లపట్టీలు లావెక్కి, మధ్య ఖాళీలు పూడుకుపోతాయి. వలయం కోడిగుడ్డవుతుంది, చదువు చెడుతుంది. అదే నిలువుగీతల్ని కాగితం పరుగు వెంబడే అచ్చేస్తే, సిరా సాగినా గీత కాస్త పొడవవుతుంది, అంతే. వెడల్పు మారదు. మన లెక్కంతా వెడల్పులోనే ఉంది కదా.

మరి ఏ దిక్కు నుంచైనా చదవగలిగే సుఖం పోయినట్టేనా? లారర్ దానికీ ఉపాయం పన్నాడు. గీతల పటాన్ని మధ్యలో రెండు సగాలు చేశాడు. ఒక్కో సగం వెడల్పు కంటే ఎత్తెక్కువ. గుణకారపు గుర్తులా అడ్డంగా దాటే రెండు వెలుగు గీతల్లో ఏదో ఒకటి ఆ సగాన్ని పూర్తిగా కోసి తీరుతుంది. రెండు సగాల్నీ వేరువేరుగా చదివి యంత్రం అతుక్కుంటుంది. ఎడమ సగంలో అంకెల్ని రాసే తీరు వేరు, కుడి సగంలో వేరు. అందుకని తలకిందులుగా పెట్టినా పట్టేస్తుంది. ఇంట్లో బిస్కెట్ ప్యాకెట్టు తీసి చూడండి, నడుమ రెండు సన్నగీతలు మిగతావాటి కంటే కొంచెం కిందికి దిగి ఉంటాయి. ఆ సగాల సరిహద్దు అదే.

1973 ఏప్రిల్‌లో కిరాణా పరిశ్రమ గీతల్నే ఎంచుకుంది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో ఒక సూపర్ మార్కెట్లో పది ప్యాకెట్ల రిగ్లీ చూయింగ్ గమ్ కట్ట మొదటిసారి స్కానరు మీదుగా జారింది. వెల 67 సెంట్లు. వలయం ఓడిపోయింది. సిల్వర్ ఈ పోటీ ఏదీ చూడలేదు, 1963లోనే, నలభై నిండకుండా పోయాడు.

దుకాణంలో సరుకు కౌంటరు దగ్గరికి వస్తుంది. పార్సిళ్లకు కావలసింది వేరు, అవి కదులుతూనే ఉంటాయి. కదిలేవాటిని చదవాలన్న కోరిక రైలుపెట్టెల దగ్గర మొదలైంది. డేవిడ్ కాలిన్స్ అనే ఆయన సిల్వేనియా కంపెనీలో ఉండగా గూడ్సు పెట్టెల పక్కన రంగురంగుల పట్టీలు అతికించి, పట్టాల పక్కనుంచి చదివే ఏర్పాటు చేశాడు. 1960ల చివర్లో అమెరికా అంతటా రైలుపెట్టెలకు అతికించడం మొదలుపెట్టారు. పదేళ్లు గడిచేసరికి దుమ్ము, మసి కప్పేసి చాలా పట్టీలు చదవరాకుండా పోయాయి, పథకం మూలపడింది. కాలిన్స్ మాత్రం అంతకు ముందే బయటికొచ్చి కంప్యూటర్ ఐడెంటిక్స్ అని సొంత కంపెనీ పెట్టుకున్నాడు. మా పిల్లలు చార్టు మీద గీసిన కోడ్ 128 ఆ కంపెనీలోనే 1981లో పుట్టింది.

లేబులు మీద గీతల కింద ఒక నంబరుంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. స్పీడ్ పోస్టు రసీదు తీయండి. మొదట రెండు అక్షరాలు, తరవాత తొమ్మిది అంకెలు, చివర మన దేశానికి ఐ, ఎన్. ప్రపంచ తపాలా సమాఖ్య పెట్టిన అచ్చు ఇది. తొమ్మిది అంకెల్లో మొదటి ఎనిమిదే అసలు నంబరు, తొమ్మిదోది కాపలాదారు. 12345678 తీసుకోండి. అంకెల్ని వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడితే 204. 11తో భాగిస్తే శేషం 6. 11లోంచి 6 పోతే 5. కాబట్టి పూర్తి నంబరు 123456785. మొదటి రెండంకెలూ తారుమారై 21345678 అని కొట్టారనుకోండి, మొత్తం 206 అవుతుంది, కాపలా అంకె 3 రావాలి, 5 ఉంది కాబట్టి యంత్రం ఒప్పుకోదు. 11 ప్రధాన సంఖ్య కావడమే ఇక్కడి బలం.

ఈ కాపలాలో ఓ కన్నం ఉంది, మా కుర్రాడే పట్టుకున్నాడు. శేషం 1 అయితే కాపలా అంకె 10 కావాలి, ఒక గడిలో పట్టదు, కాబట్టి 0 వేస్తారు. శేషం 0 అయితే 11 కావాలి, దానికి బదులు 5 వేస్తారు. అంటే శేషం 6 అయినా 5, 0 అయినా 5! వాడు ఆరో అంకెను 6 నుంచి 7కు మార్చి 12345778 రాసి చూపించాడు. మొత్తం 209, శేషం సున్న, కాపలా అంకె మళ్లీ 5. తప్పు దర్జాగా లోపలికొచ్చేసింది. నేను మళ్లీ మళ్లీ వేసి చూశాను. నిజమే.

లేబులు చదవడం బాగానే ఉంది గానీ ప్రతి మలుపులోనూ ప్రతి పార్సిల్‌నూ చదవరు. వందల పార్సిళ్లను ఒక సంచిలో వేసి మూతి కట్టి, సంచికి వేరే లేబులు తగిలిస్తారు. ఆ తరవాత చదివేది సంచినే. లోపలివన్నీ దానితో పాటే ఉన్నాయని కంప్యూటరు నమ్ముతుంది. సంచి లారీ ఎక్కితే మీ పార్సిలూ ఎక్కినట్టే రాసుకుంటుంది. కిందటేడు నేను తెప్పించిన లెన్సుల పెట్టె తెర మీద విజయవాడలో సంచితో పాటు దిగింది. అసలు పెట్టె సంచిలోకి వెళ్లకుండా హైదరాబాదు గోదాములో బెల్టు కింద జారిపడి ఆరు రోజులు అక్కడే ఉంది. ఫోన్ చేస్తే "విజయవాడలోనే ఉంది సార్, సిస్టంలో కనబడుతోంది" అన్నారు. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, సంచి విజయవాడలోనే ఉంది.

పిల్లలు ఇంకో మాట అడిగారు. ఇంకో పార్సిల్ విషయంలో విజయవాడలో అమ్మకందారు, తెనాలిలో మనం. మధ్య దూరం గంట ప్రయాణం. పార్సిల్ మాత్రం హైదరాబాదు వెళ్లి వచ్చింది. ముక్కెక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు ఇదేం లెక్క అని. లెక్కే. 25 ఊళ్లుంటే ప్రతి ఊరి నుంచి ప్రతి ఊరికీ నేరుగా బండి వేయాలంటే 300 దారులు కావాలి, సగం బళ్లు ఖాళీగా తిరుగుతాయి. అన్నిటినీ ఒకేచోటికి తెచ్చి, వేరుచేసి, వెనక్కి పంపితే 25 దారులు చాలు. అమెరికా కొరియర్ కంపెనీ ఫెడెక్స్ 1973 ఏప్రిల్‌లో మెంఫిస్ నుంచి తొలిరాత్రి నడిపింది అచ్చంగా 25 ఊళ్లకే, 14 విమానాలతో, 186 పార్సిళ్లతో. పక్క ఊరికి పోవలసినదైనా సరే, అర్ధరాత్రి మెంఫిస్ వెళ్లి రావలసిందే.

రెండు రోజుల్లో డెలివరీ అన్నప్పుడు రెండు రోజులూ అది దారిలో ఉంటుందనుకోకండి. హైదరాబాదు నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు, లారీకి ఏడు గంటలు ఎక్కువ. మిగతాదంతా నిరీక్షణే. సంచి నిండాలి, లారీ వేళ కావాలి, బెల్టు మీద వంతు రావాలి, పొద్దున డెలివరీ కుర్రాడు రావాలి. ఎక్కువ డబ్బు కడితే లారీ తొందరగా నడవదు, వరసలో ముందు నిలబెడతారు, లేదా విమానం ఎక్కిస్తారు. సాయంత్రం ఆఖరి బండి వెళ్లిపోయాక ఆర్డరు పెడితే ఏ డబ్బూ ఆ రాత్రిని వెనక్కి తేలేదు.

తరవాతి చరిత్ర గబగబా చెప్పేస్తాను. ఫెడెక్స్‌ను స్థాపించిన ఫ్రెడ్ స్మిత్‌కు పార్సిల్ ఎంత ముఖ్యమో దాని కబురూ అంతే ముఖ్యమని ముందే తట్టింది. 1979లో అందుకో కంప్యూటరు వ్యవస్థ పెట్టారు, 1986లో డెలివరీ కుర్రాళ్ల చేతికి స్కానర్లిచ్చారు, 1994లో ఇంటర్నెట్లో ఎవరికి వాళ్లు చూసుకునేలా చేశారు. మన స్పీడ్ పోస్టు మొదలైంది 1986 ఆగస్టు 1న. ఇప్పుడు చివరి మైలులో ఫోన్ మ్యాపు మీద కదిలే బైకు బొమ్మ ఉంది చూశారూ, అది కూడా పార్సిల్ జాడ కాదు, డెలివరీ కుర్రాడి ఫోన్ జాడ.

ఇంతకీ వలయం ఏమైంది? అమెరికా పార్సిల్ కంపెనీ యూపీఎస్‌కు ఓ చిక్కొచ్చింది. బెల్టు మీద పెట్టెలు వేగంగా, ఎలా పడితే అలా తిరిగి వస్తాయి. పైనున్న కెమెరాకు ముందు లేబులు ఎక్కడుందో దొరకాలి. ఏ దిక్కు నుంచి కోసినా ఒకేలా కనిపించే ఆకారం ఏముంది? వుడ్‌లాండ్ ఇసుకలో తిప్పినదే! మ్యాక్సీకోడ్ అని వాళ్లు తయారుచేసిన గుర్తు నడుమ మూడు నల్లవలయాలు పెట్టారు. వలయాలు కెమెరాను పిలుస్తాయి, అంతే. కబురంతా చుట్టూ తేనెపట్టు గదుల్లా పేర్చిన 866 ఆరు మూలల చుక్కల్లో ఉంటుంది. లేబుళ్లు వేడితో అచ్చేసే ప్రింటర్లలో రావడం మొదలయ్యాక లారర్‌ను భయపెట్టిన సాగే సిరా బెంగ కూడా తీరింది.

అమెరికాలో ఉన్న మీ అమ్మాయో అబ్బాయో యూపీఎస్‌లో పంపిన పెట్టె ఇంట్లో ఎక్కడైనా ఉంటే దాని లేబులు ఓసారి చూడండి. అంగుళం చదరం, లోపల చుక్కలు, నట్టనడుమ వలయాలు.